గాల్లో మారే అడుగు

పిల్లలు గుర్రమాట ఆడుకోవడం చూశారా? కర్రో చీపురో కాళ్ల మధ్య పెట్టుకుని, ఒక కాలు ఎప్పుడూ ముందుంచి, రెండోదాన్ని దాని వెనకాలే లాక్కుంటూ... టకటక్... టకటక్... అంటూ వీధంతా చుట్టేస్తారు. ఇంట్లో ఎవరూ చూడనప్పుడు మీరూ ఓసారి ప్రయత్నించండి. కుడికాలు ముందుంచి అలా గెంతుతూ వెళ్లి కుడివైపు తిరగండి. హాయిగా తిరిగేస్తారు. ఇప్పుడు అదే కాలు ముందుంచి ఎడమవైపు తిరగండి. కాళ్లు తడబడతాయి. అప్పుడేం చేస్తారు? ఆగరు. గెంతు మధ్యలోనే చటుక్కున ఎడమకాలిని ముందుకు తెచ్చేస్తారు. ఎన్‌సీసీలో చేరినవాళ్లకైతే 'కదమ్ బదల్' అన్న ఆర్డరు గుర్తుండే ఉంటుంది. నడక ఆపకుండానే అడుగు మార్చుకోవడమన్నమాట.

గుర్రమూ అంతే. పచ్చిక బయల్లో తల్లి చుట్టూ పరుగులు తీసే గుర్రప్పిల్లను కాసేపు గమనించండి. ఇటు వంపు తిరగ్గానే ఈ కాలు ముందు, అటు తిరగ్గానే ఆ కాలు ముందు. మార్పంతా గాల్లోనే జరిగిపోతుంది. స్వారీ భాషలో దీన్నే 'ఫ్లయింగ్ చేంజ్' అంటారు.

పుట్టుకతో వచ్చిన విద్యే కదా, మళ్లీ నేర్పడం ఎందుకూ అంటారా? చిక్కంతా అక్కడే ఉంది. ఆ పిల్లే పెరిగి పెద్దదై, వీపు మీద జీనూ, జీను మీద అరవై డెబ్బై కిలోల మనిషీ చేరాక... తనకు బాగా తెలిసిన పనే తనకు కష్టమైపోతుంది. దాన్ని మళ్లీ గుర్తుచేయడానికి నెలలు పడుతుంది. ఒక్కోసారి ఏళ్లు కూడా!

హాంగ్‌ఝౌలో మన గుర్రాలు

2023 సెప్టెంబరు 26. చైనాలోని హాంగ్‌ఝౌలో ఆసియా క్రీడలు జరుగుతున్నాయి. క్రికెట్టో, కబడ్డీయో అయితే టీవీల ముందు జనం ఉండేవారు. ఆ రోజు మనకు బంగారు పతకం వచ్చింది మాత్రం చాలామంది పేరు కూడా వినని ఆటలో... డ్రెసాజ్. అనుష్ అగర్వాలా, హృదయ్ ఛేడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా... ఈ నలుగురి జట్టు సాధించిన విజయమది. గుర్రపుస్వారీలో 1982 ఢిల్లీ క్రీడల తర్వాత మనకు దక్కిన తొలి స్వర్ణం. అంటే 41 ఏళ్ల నిరీక్షణ! రెండు రోజుల తర్వాత అనుష్ తన గుర్రం ఎట్రోతో వ్యక్తిగత కాంస్యం కూడా అందుకున్నాడు.

ఏమిటీ డ్రెసాజ్? ఇది పరుగు పందెం కాదు. కంచెలు దూకే పోటీ కూడా కాదు. 60 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న ఇసుక మైదానంలో గుర్రమూ, రౌతూ కలిసి చేసే నాట్యం లాంటిది. ఏ చోట ఏం చేయాలో ముందే రాసి ఉంటుంది. ఒక్కో ఘట్టానికి పదికి ఇన్ని అని న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తారు. రౌతు ఏం చెప్పాడో, ఎప్పుడు చెప్పాడో చూసేవాళ్లకు తెలియకూడదు. గుర్రం తనంతట తానే చేస్తున్నట్టు ఉండాలి. అదీ ఈ ఆటలోని గొప్పతనం.

హాంగ్‌ఝౌలో జట్లకు పెట్టిన పరీక్ష పేరు 'ప్రి సెయింట్ జార్జ్'. అందులో గుర్రం మైదానాన్ని ఐమూలగా దాటుతూ ప్రతి నాలుగో అంగకూ ఒకసారి చొప్పున అయిదుసార్లు గాల్లో అడుగు మార్చాలి. ఆ తర్వాత ఇంకోసారి, ప్రతి మూడో అంగకూ ఒకటి చొప్పున మరో అయిదు. చూసేవాళ్లకు అది కొన్ని సెకన్ల ముచ్చట. దాని వెనకున్న చదువే చాలా పెద్దది.

తకిట... ఆపై నిశ్శబ్దం

ముందు గుర్రం నడకల సంగతి కాస్త తెలుసుకుందాం. మామూలు నడకలో నాలుగు డెక్కలూ ఒకదాని తర్వాత ఒకటి నేలను తాకుతాయి. దానికంటే వేగమైనది ట్రాట్. ఇందులో ఐమూలగా ఉన్న రెండు కాళ్లు జంటగా పడతాయి. అన్నిటికన్నా వేగమైనది గ్యాలప్, అంటే మనం దౌడు అనేది. ట్రాట్‌కీ దౌడుకీ మధ్యలో ఊయల ఊగినట్టు సాగేది క్యాంటర్. మన కథంతా ఈ క్యాంటర్‌లోనే.

క్యాంటర్‌కు మూడు దరువులు. గుర్రం కుడికాలు ముందుంచి వెళ్తోందనుకోండి. మొదట ఎడమ వెనకకాలు నేలను తాకుతుంది. తర్వాత కుడి వెనకకాలు, ఎడమ ముందుకాలు రెండూ ఒకేసారి. చివర్లో కుడి ముందుకాలు. త... కి... ట! ఆ వెంటనే ఓ చిన్న నిశ్శబ్దం. ఆ క్షణంలో నాలుగు కాళ్లూ గాల్లోనే ఉంటాయి. మళ్లీ తకిట.

కుడివైపు వంపు తిరిగేటప్పుడు కుడికాలు ముందుండాలి. ఎడమవైపైతే ఎడమకాలు. లేకపోతే గుర్రం తూకం తప్పుతుంది. మలక్‌పేట రేసుకోర్సులో గుర్రాలను దగ్గరగా గమనించినవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. మలుపులో లోపలి కాలు ముందుంచిన గుర్రం, మలుపు దాటి తిన్నటి దారిలోకి రాగానే రెండోకాలు ముందుకు తెస్తుంది. అలసిన కాలికి అదే విశ్రాంతి.

మరి మార్పు ఎప్పుడు జరగాలి? కాళ్లు నేలమీద ఉన్నప్పుడు కుదరదు. బరువు మోస్తున్న కాలిని ఎవరు మార్చుకోగలరు? జరిగితే ఆ నిశ్శబ్దంలోనే జరగాలి. గాల్లో ఉన్న ఆ కొద్ది క్షణంలో గుర్రం నాలుగు కాళ్ల వరుసనూ తిరగేసుకోవాలి. కిందికి దిగేటప్పుడు ఎడమ వెనకకాలికి బదులు కుడి వెనకకాలు ముందు పడాలి. అంటే కంటికి కనిపించే మార్పు ముందుకాళ్లది. అసలు మార్పు మాత్రం వెనకకాళ్లది.

ఇక్కడే ఓ గమ్మత్తయిన సంగతుంది. నేలమీద ఉన్న గుర్రాన్ని రౌతు పగ్గాలు లాగి ఆపగలడు, మడమతో తట్టి నడిపించగలడు. గాల్లో ఉన్న గుర్రాన్ని ఎవరూ ఏమీ చేయలేరు. రౌతు అడగగలడు, అంతే. మార్చాల్సింది గుర్రమే.

మొక్కగా ఉన్నప్పుడే వంచాలా?

మొక్కై వంగనిది మానై వంగదంటారు. గుర్రాల విషయంలో ఈ సామెతను కాస్త జాగ్రత్తగా వాడుకోవాలి. గుర్రం వెన్నెముక పూర్తిగా గట్టిపడటానికి అయిదారేళ్లు పడుతుంది. చూడ్డానికి అంతకుముందే ఎదిగిపోయినట్టు ఉంటుంది కానీ లోపల ఇంకా పసితనమే. అంతర్జాతీయ గుర్రపుస్వారీ సమాఖ్య పడుచు గుర్రాలకు విడిగా పోటీలు పెడుతుంది. వాటిలో అయిదేళ్ల గుర్రాన్ని ఫ్లయింగ్ చేంజ్ చేయమని అడగరు. క్యాంటర్ నుంచి నడకలోకి దిగి, మూడు నాలుగు అడుగులు వేసి, రెండోకాలితో మళ్లీ క్యాంటర్ అందుకుంటే చాలు. దీన్ని 'సింపుల్ చేంజ్' అంటారు. గాల్లో మార్చమని అడిగేది ఆరేళ్ల గుర్రాన్ని.

అనుభవమున్న శిక్షకులు ఫ్లయింగ్ చేంజ్ నేర్పేముందు చాలాకాలం దాని జోలికే వెళ్లరు. మరేం నేర్పుతారు? మూడు సంగతులు.

మొదటిది, క్యాంటర్ నుంచి నేరుగా నడకలోకి, నడక నుంచి నేరుగా క్యాంటర్‌లోకి. మధ్యలో తడబాటు, పరుగు ఉండకూడదు. గుర్రం తన బరువును వెనకకాళ్ల మీద మోయడం నేర్చుకునేది ఇక్కడే.

రెండోది, 'కౌంటర్ క్యాంటర్'. కావాలనే తప్పు కాలితో వంపు తిరగడం. ఎడమవైపు తిరుగుతున్నా కుడికాలే ముందుంచి, తూకం తప్పకుండా వెళ్లడం. వినడానికి వింతగా ఉంటుంది. కానీ వంపు రాగానే తనంతట తాను మార్చేసుకోకుండా, రౌతు అడిగేదాకా ఆగడం గుర్రానికి అలవాటయ్యేది దీనితోనే.

మూడోది, తిన్నగా నడవడం. మనలో కుడిచేతివాటం, ఎడమచేతివాటం ఉన్నట్టే గుర్రాలకూ ఒక పక్క బలం, ఒక పక్క బిగువు ఉంటాయి. వంకరగా పరుగెత్తే గుర్రం అడుగు మార్చినా వంకరగానే మారుస్తుంది.

ఈ మూడూ కుదిరిన గుర్రానికి ఫ్లయింగ్ చేంజ్ కొత్త పాఠం కాదు. పాత పాఠాలకు కొనసాగింపే. పునాది లేకుండా మొదలుపెడితేనే అది పెద్ద కొండలా కనిపిస్తుంది.

అడిగేదెలా?

కుడికాలు ముందున్న గుర్రాన్ని ఎడమకాలికి మార్చాలనుకుందాం. అప్పటిదాకా రౌతు కుడికాలు జీను బిగించే పొట్టపట్టీ దగ్గర, ఎడమకాలు కాస్త వెనక్కి ఉంటాయి. మార్పుకు ముందు ఒక్కసారి నడుము నిటారుగా చేసి, పగ్గాలను కొద్దిగా బిగించి వదులుతాడు. 'హాఫ్ హాల్ట్' అంటారు దీన్ని. ఆగమని కాదు, వెళ్లమనీ కాదు. 'ఇదుగో, ఏదో అడగబోతున్నా, సిద్ధంగా ఉండు' అని చెప్పడం. ఆ తర్వాత కుడికాలు వెనక్కి, ఎడమకాలు ముందుకు. అంతే!

ఎప్పుడన్నదే అసలు ప్రశ్న. గుర్రం గాల్లోకి లేచాక అడిగితే ఆలస్యమైపోతుంది. ముందుకాలు నేలను తాకుతున్నప్పుడే, అంటే 'ట' దగ్గరే అడగాలి. మాట విని, అర్థం చేసుకుని, కాళ్లు సర్దుకోవడానికి గుర్రానికీ కాస్త వ్యవధి కావాలి కదా.

ఎక్కడ అడగాలన్నదీ ముఖ్యమే. మైదానాన్ని ఐమూలగా దాటి, ఎదుటి గోడ దగ్గర మలుపు రాబోతుండగా అడగడం ఒక పద్ధతి. ఎలాగూ మలుపు వస్తోంది కాబట్టి గుర్రానికీ మార్చాలనే ఉంటుంది. 8 అంకెలా రెండు వలయాలు తిరుగుతూ, అవి కలిసే చోట అడగడం ఇంకో పద్ధతి. కొన్ని గుర్రాలకు కౌంటర్ క్యాంటర్ నుంచి సరైన కాలికి మారడం తేలిక. ఏ గుర్రానికి ఏది నప్పుతుందో చూసుకోవాలి. ఒకే పుస్తకంతో అందరు పిల్లలకూ పాఠం చెప్పలేం కదా!

మొదటిసారి చక్కగా మార్చిందా? మెడ నిమిరి, పగ్గాలు వదులు చేసి, ఆ రోజుకు పాఠం ముగించేయాలి. 'ఇంకొక్కసారి' అన్న ఆశే ఇక్కడ శత్రువు. రెండోసారి బాగుంటుంది, మూడోసారి కంగారు మొదలవుతుంది. నాలుగోసారికి బాగా చేసిన మొదటిది కూడా గుర్రం మరిచిపోతుంది.

ముందుకాళ్లు మారాయి సరే...

నేర్చుకునే గుర్రం తప్పులు చేస్తుంది. చేయాలి కూడా. వాటిలో ఎక్కువగా కనిపించేది ముందుకాళ్లు మార్చి, వెనకకాళ్లను ఓ అంగ ఆలస్యంగా మార్చడం. లేదా అసలు మార్చకుండానే సాగిపోవడం. అప్పుడు ముందు ఒక వరుస, వెనక ఇంకో వరుస. రౌతుకు గతుకుల దారిలో ఎడ్లబండి ఎక్కినట్టు ఉంటుంది. ఈ ఆలస్యం ఒకసారి అలవాటైతే మాన్పించడం చాలా కష్టం. మందు మళ్లీ ఫ్లయింగ్ చేంజ్‌లో లేదు. వెనక్కి వెళ్లి క్యాంటర్‌ను బాగుచేసుకోవడంలో ఉంది. గాల్లో ఉండే క్షణం పెరిగితే మార్చుకునే వ్యవధీ పెరుగుతుంది.

రెండో తప్పు, అడగకుండానే మార్చేయడం. రోజూ ఒకే చోట అడిగితే ఆ చోటు రాగానే గుర్రం ముందే సిద్ధమైపోతుంది. టీచరు ప్రశ్న పూర్తిచేయకముందే చెయ్యెత్తే పిల్లాడిలాగా. దానికి కోప్పడితే ఎలా? తెలుసని చెబుతోంది పాపం. చోటు మార్చాలి. ఒక్కోరోజు ఆ చోటు దాకా వెళ్లి ఏమీ అడగకుండా కౌంటర్ క్యాంటర్‌లో దాటిపోవాలి. ఇప్పుడు దాన్ని కొడితే, రేపు నిజంగా అడిగినప్పుడు మార్చడానికి భయపడుతుంది.

మూడో తప్పు గుర్రానిది కాదు, పైనున్నవాడిది. మారిందా లేదా అని భుజం మీదుగా కిందికి తొంగిచూడటం. ఆ కాస్త వంగడంతో రౌతు బరువంతా ఓ పక్కకు పడుతుంది. ముందుకు రావాల్సిన కాలి మీదే ఆ బరువు పడితే అదెలా వస్తుంది? చూడకుండానే, కూర్చున్న చోటినుంచే తెలుసుకోవాలి. అది కుదరడానికి రౌతుకూ ఏళ్లు పడుతుంది.

ఇంకో సంగతి. నిన్నటిదాకా చక్కగా మార్చిన గుర్రం ఉన్నట్టుండి ఒక పక్కకు మార్చనంటే అది మొండితనం కాకపోవచ్చు. వీపునొప్పో, వెనకకాలి కీలునొప్పో, జీను ఒరుసుకోవడమో, పంటినొప్పో ఉండి ఉండొచ్చు. నోరులేని జీవి నొప్పిని చెప్పుకునే మార్గం అదొక్కటే. అప్పుడు పిలవాల్సింది పశువైద్యుణ్ని.

రౌతు మెత్తనైతే...

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని సామెత. పైవాడు గట్టిగా లేకపోతే కిందివాడు పనిచేయడని మనం దానికి అర్థం చెప్పుకొంటాం. ఆఫీసుల్లోనూ, బళ్లలోనూ, ఇళ్లలోనూ ఈ సామెత తెగ తిరుగుతుంటుంది. గాల్లో అడుగు మార్చే చోట మాత్రం దీని బలం చాలదు. గట్టిగా ఉన్న రౌతు కింద గుర్రం బిగుసుకుపోతుంది. బిగుసుకుపోయిన వీపుతో గెంతు చిన్నదవుతుంది. గెంతు చిన్నదైతే గాల్లో ఉండే వ్యవధి తగ్గుతుంది. ఇక అడుగు మార్చేదెప్పుడు? తోక విసురుతూ, చెవులు వెనక్కి పెట్టి, వెనకకాళ్లు ఝాడిస్తూ ఎలాగో మారుస్తుంది. అది మార్పే కానీ నాట్యం కాదు.

ఈ మాట తెలియనివాళ్లే దారి తప్పుతారనుకుంటే పొరపాటు. బ్రిటన్‌కు చెందిన షార్లెట్ డుజార్డిన్ పేరు ఈ ఆటలో ఒకప్పుడు దాదాపు ఆరాధనతో పలికేవారు. 2002లో పుట్టిన వలెగ్రో అనే గుర్రంతో ఆమె 2012 లండన్, 2016 రియో ఒలింపిక్స్‌లలో వ్యక్తిగత స్వర్ణాలు గెలిచింది. 2014 డిసెంబరులో లండన్‌లో సంగీతానికి అనుగుణంగా చేసే విభాగంలో ఈ జంట 94.3 శాతం మార్కులతో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అలాంటి డుజార్డిన్ 2024 జులైలో, పారిస్ ఒలింపిక్స్ మొదలవడానికి కొద్దిరోజుల ముందు పోటీ నుంచి తప్పుకుంది. కొన్నేళ్ల కిందట శిక్షణ ఇస్తూ ఓ గుర్రం కాళ్లపై పొడవాటి కొరడాతో పదే పదే కొట్టిన వీడియో బయటపడటమే కారణం. ఆమె క్షమాపణ చెప్పింది. సమాఖ్య ఏడాది నిషేధంతోపాటు పది వేల స్విస్ ఫ్రాంకుల జరిమానా విధించింది.

ఒలింపిక్ విజేతకే చేయి జారిందంటే, ఓపిక అన్నది ఒకసారి నేర్చుకుంటే ఎప్పటికీ మిగిలిపోయే విద్య కాదన్నమాట. ప్రతి ఉదయం జీను బిగించేటప్పుడు మళ్లీ మొదటినుంచీ నేర్చుకోవాల్సిందే.

పదిహేనుసార్లు, వరుసగా

ఒక్క మార్పు కుదిరాక కొన్నాళ్లకు రెండు. ఆ తర్వాత నాలుగు అంగలకోసారి, మూడుకోసారి, రెండుకోసారి. చివరికి ప్రతి అంగకూ ఒక మార్పు! ఒలింపిక్స్‌లో ఉండే గ్రాండ్ ప్రి పరీక్షలో రెండు అంగలకోసారి చొప్పున 9 మార్పులు, ప్రతి అంగకూ ఒకటి చొప్పున వరుసగా 15 మార్పులు చేయాలి. అప్పుడు గుర్రాన్ని చూస్తే బడి వదిలాక ఇంటికి గెంతుతూ వెళ్లే చిన్నపిల్లే గుర్తొస్తుంది. వలెగ్రో లాంటి గుర్రమే లండన్‌లో స్వర్ణం గెలిచేనాటికి దాని వయసు పదేళ్లు. ఎన్ని సింపుల్ చేంజ్‌లు, ఎన్ని కౌంటర్ క్యాంటర్‌లు, 'ఇవాళ్టికి చాలు' అనుకున్న రోజులెన్నో లెక్కేసుకోండి.

కోల్‌కతా కుర్రాడు అనుష్ కూడా ఆ దారిలోనే నడిచాడు. పదిహేడేళ్ల వయసులో జర్మనీ వెళ్లి, ఏథెన్స్ ఒలింపిక్స్‌లో జట్టు స్వర్ణం గెలిచిన హుబెర్టస్ ష్మిట్ దగ్గర చేరాడు. 2024 పారిస్‌లో సర్ కారమెలో అనే గుర్రంతో బరిలోకి దిగి, ఒలింపిక్ డ్రెసాజ్‌లో పోటీపడిన తొలి భారతీయుడయ్యాడు. 66.444 శాతం మార్కులొచ్చాయి. తర్వాతి దశకు వెళ్లలేకపోయాడు. అయితేనేం, గ్రాండ్ ప్రి మైదానంలో ఓ భారతీయ రౌతు అడుగుపెట్టడమే అప్పటిదాకా జరగని సంగతి.

ఈసారి టీవీలో డ్రెసాజ్ కనిపిస్తే ఛానల్ మార్చేయకండి. గుర్రం ఐమూలగా వస్తున్నప్పుడు ముందుకాళ్లను కాకుండా వెనకకాళ్లను చూడండి. రెండూ కలిసి మారుతున్నాయా? తోక ప్రశాంతంగా ఉందా, విసురుతోందా? నోరు నెమ్మదిగా ఉందా, పళ్లు కొరుకుతోందా? రౌతు నడుము ఊగుతోందా, నిలకడగా ఉందా? ఈ నాలుగూ చూస్తే చాలు, ఆ గుర్రానికి అడుగు మార్చడం నేర్పారో, దానిచేత మార్పించారో మీకే తెలిసిపోతుంది. పక్కనే పిల్లలుంటే వాళ్లకూ చూపించండి. వాళ్లకైతే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఎవరు నేర్పుతున్నారో, ఎవరు చేయిస్తున్నారో వాళ్లకు రోజూ బాగా తెలుసు!